చిలుము పట్టిన తూటాలు

సంపాదకులకు నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి. సైన్యంలో 24 ఏళ్లు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. అక్కడ నా పని ఆర్మరర్. జవాను చేతిలోని ఆయుధం నొక్కగానే పేలాలి, నొక్కనప్పుడు పేలకూడదు. ఆ రెండూ చూసుకోవడమే నా ఉద్యోగం. ఊరికి వచ్చాక ఆయుధాలతో నాకు సంబంధం లేదు. కానీ లైసెన్సు ఉన్నవాళ్లు, ముఖ్యంగా రిటైరైన ఫౌజీలు, జీడిపప్పు వ్యాపారులు, రైసు మిల్లుల వాళ్లు ఏదో ఒక సందేహంతో ఫోన్ చేస్తూనే ఉంటారు. గత నెల మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతి వల్ల ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైనా వేయగలరని మనవి.

మా చెల్లెల్ని పలాస ఇచ్చాం. బావ జీడిపప్పు వ్యాపారం చేస్తాడు. పిక్కల సీజన్లో డబ్బు సంచితో ఉద్దానం ఊళ్లు తిరగాలి కాబట్టి ఎప్పుడో .32 రివాల్వర్‌కి లైసెన్సు తీసుకున్నాడు. .32 అంటే గుండు లావు, అంగుళంలో దాదాపు మూడో వంతు. పొట్టి గొట్టం, అరచేతిలో ఇమిడిపోయే రకం. గత నెల ఒక ఆదివారం మా మేనల్లుడు వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. అందులో ఎవరో అమెరికా ఆయన జెల్లీ దిమ్మల్లోకి గుండ్లు కాల్చి చూపిస్తున్నాడు. "మావయ్యా, పొట్టి రివాల్వర్‌కి హాలో పాయింటే బెస్టంట. మన దగ్గర దొరుకుద్దా? నాన్న దగ్గరున్నవి పాతవైపోనాయి" అన్నాడు.

హాలో పాయింట్ అంటే ముక్కు దగ్గర గుంట ఉన్న గుండు. దొరుకుతుందా లేదా తర్వాత సంగతి, ముందు ఉన్నవి ఎలా ఉన్నాయో చూద్దామన్నాను. వెంటనే వెళ్లి తెచ్చేస్తానన్నాడు. అక్కడే ఆపాను. లైసెన్సు నాన్న పేరు మీద ఉంది. ఆయుధం నాన్నతోనే రావాలి, లైసెన్సు పుస్తకం పక్కనే ఉండాలి. ఆయన రాతపూర్వక అనుమతి లేకుండా కొడుకైనా, డ్రైవరైనా విడిగా పట్టుకుని తిరిగితే అది నేరం. ఈ విషయం ఇళ్లలో చాలామందికి తెలియదు. "మా బాబుదే కదా" అనుకుంటారు.

మూడు రోజుల తర్వాత బావ వచ్చాడు. చెల్లెలూ వచ్చింది. వసారాలో చాప మీద కూర్చుని, ముందు సిలిండరు ఖాళీ చేయించి, తూటాలన్నీ ఒక తెల్ల తువ్వాలు మీద వరసగా పెట్టించాను. మొత్తం 18. సిలిండరులో ఉన్నవి 6, తోలు పౌచిలో 12.

తోలు పౌచిలోవాటిని చూడగానే నాకు గుండె ఝల్లుమంది. ఇత్తడి ఒంటికి తోలు తగిలినంత మేరా పచ్చటి చిలుము. పూజగదిలో చాలా రోజులు తోమని హారతి పళ్లెం అంచుకు పట్టే చిలుమే, ఇంకా మందంగా ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. చర్మాన్ని పదును చేయడానికి వాడే రసాయనాలు ఇత్తడిని తింటాయి. అందుకే తూటాలు తోలులో నిల్వ ఉంచకూడదు. మోసుకెళ్లడానికి తోలు పౌచి, దాచడానికి కంపెనీ అట్టపెట్టె అని మాకు సైన్యంలో మొదటి నెలలోనే నేర్పారు. పైగా బావ ఆ తూటాలు కొన్నది 2011లో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు వాళ్ల పై అంతస్తు రేకులు లేచిపోయాయి. బీరువా రెండు రోజులు తడిలో ఉంది. బట్టలు ఎండేశారు, కాగితాలు ఎండేశారు. తూటాలు మాత్రం మళ్లీ అదే తడి తోలులో దాచారు.

ఆ 12లో 4 మాత్రం బంగారంలా మెరుస్తున్నాయి. ఇవెలా శుభ్రంగా ఉన్నాయని అడిగితే చెల్లెలు తల దించుకుంది. "మరి సిలుం పట్టీసింది కదన్నా, దీపావళికి ఇత్తడి సామాన్లతోపాటు సింతపండేసి తోమీసినాను" అంది.

దాన్ని తప్పుపట్టలేను. మేం బుడితి పిల్లలం. కంచూ ఇత్తడీ పోతపోసే ఊళ్లో పుట్టాం. మా నాన్న అదే పని చేసేవాడు. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు మా చిన్నప్పటి ఆట సామాన్లు. ఇత్తడి నల్లబడితే తోమాలని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ తూటా చెంబు కాదు. దాని అడుగున నడిమధ్యలో చిన్న గుండ్రటి మూత ఉంటుంది, ప్రైమర్ అంటారు. సుత్తి తగలగానే నిప్పు పుట్టేది అందులోనే. తోమేటప్పుడు దాన్ని వేలితో నొక్కినా, రాయికి తగిలినా ప్రమాదం. చింతపండు నీళ్లు దాని అంచు చుట్టూ దిగితే లోపలి మందు చెడుతుంది. పైకి మెరుస్తున్న ఆ 4 తూటాలే పచ్చగా ఉన్న 8 తూటాల కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టాయి. చిలుము కనీసం కంటికి కనిపిస్తుంది.

ఇత్తడి గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే, వానాకాలం గుర్రపుశాలల్లో నిల్వచేసిన తూటాల ఇత్తడి గొట్టాలు ఎవరూ ముట్టుకోకుండానే నిలువునా బీటలు వారేవి. దాన్ని సీజన్ క్రాకింగ్ అన్నారు. కారణం గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా అని 1921 నాటికి శాస్త్రవేత్తలు తేల్చారు. లాగి సాగదీసి చేసిన ఇత్తడిలో లోపల బిగువు ఉండిపోతుంది, అమోనియా తగిలితే ఆ బిగువు దగ్గర పగులుతుంది. మన పల్లెల్లో దొంగల భయానికి ఆయుధం పెట్టెను పశువుల సాల అటక మీద దాచేవాళ్లను నేను చూశాను. మెరుపు కోసం వాడే కొన్ని పాలిష్‌లలో కూడా అమోనియా ఉంటుంది. దయచేసి రెండూ మానండి.

ఇక సిలిండరులోని 6 తూటాలకు చిలుము లేదు. వాటిని చేత్తో పట్టుకుంటే జారిపోయాయి, నూనె. తుప్పు పట్టకూడదని బావ నెలనెలా సిలిండరు రంధ్రాల్లో నూనె చుక్కలు వేస్తున్నాడట, తూటాలు తీయకుండానే. ఇనుముకు నూనె మందు, తూటాకు విషం. సన్నటి నూనె ప్రైమర్ అంచు నుంచి, గుండు బిగించిన ఇత్తడి మెడ నుంచి మెల్లగా లోపలికి పాకుతుంది. ఆయుధం గొట్టానికి నూనె రాసి, పొడి గుడ్డతో పూర్తిగా తుడిచాకే తూటా పెట్టాలి.

తర్వాత, అన్ని అనుమతులూ ఉన్న ఒక షూటింగ్ రేంజికి బావను తీసుకెళ్లాను. మన జిల్లాలో కాదు, చాలా దూరం. పచ్చబడినవీ, తోమినవీ కాల్చనివ్వలేదు. నూనె పట్టిన 6 మాత్రం, అక్కడి కోచ్ పక్కన నిలబడగా, కాల్చి చూద్దామన్నాం.

మొదటిది పేలింది. రెండోది టక్ మంది, అంతే. బావ వెంటనే రివాల్వర్ తన వైపు తిప్పి చూడబోయాడు. నేనూ కోచ్ ఒకేసారి అరిచాం. పేలని తూటా ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. గొట్టం గురివైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఆ తర్వాతే తెరవాలి. ఆగాం, తీసి పక్కన పెట్టాం. మూడోది పేలింది. నాలుగోది పేలినట్టే అనిపించింది గానీ శబ్దం వేరు. అప్పడం విరిచినట్టు "టప్" మంది, చేతికి కుదుపు లేదు. ఎదుట కాగితం మీద కొత్త రంధ్రం లేదు. బావ వేలు మళ్లీ ట్రిగ్గరు మీద బిగుసుకుంటోంది. కోచ్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని కిందికి దించకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇష్టం లేదు. ఖాళీ చేసి, గొట్టంలోకి చెక్క కడ్డీ దూర్చితే సగంలోనే ఆగిపోయింది. గుండు గొట్టంలో ఇరుక్కుని ఉంది.

నూనె తగిలి లోపలి మందు సరిగా అంటుకోలేదు. ఒక్క ప్రైమర్ నిప్పే గుండును కొంత దూరం తోసి వదిలేసింది. ఆ స్థితిలో ఇంకో తూటా కాలిస్తే వెనక గుండు వెళ్లి ముందు గుండును కొడుతుంది, గొట్టం ఉబ్బుతుంది, చీలుతుంది. కాల్చేవాడి వేళ్లు, కళ్లు పోవచ్చు. పద్నాలుగేళ్లుగా మా బావ తన ప్రాణానికి కాపలా అనుకుని నడుముకి కట్టుకు తిరిగినది ఇదీ. తిరుగు ప్రయాణంలో బస్సు నరసన్నపేట దాటేవరకూ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

అందుకే మేనల్లుడి ప్రశ్నకు నా మొదటి జవాబు ఇది. ఏ గుండు గొప్పది అని అడిగే ముందు, కొత్తది, సరైన సైజుది, తడి తగలనిది, నీ రివాల్వర్‌లో కొన్ని పెట్టెలు కాల్చి నమ్మకం కుదిరినది ఏదో చూసుకో. ఆ నాలుగూ ఉన్న మామూలు తూటా, అవి లేని ఖరీదైన తూటా కంటే మేలు.

సరైన సైజు అన్నాను కాబట్టి అది వివరించాలి. దుకాణానికి వెళ్లి ".32 తూటాలు ఇవ్వండి" అంటే సరిపోదు. .32 పేరుతో రెండు వేర్వేరు తూటాలున్నాయి. రివాల్వర్‌ది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, దాని ఇత్తడి గొట్టం పొడవు 23 మిల్లీమీటర్లు, అడుగున అంచు పళ్లెంలా బయటికి వచ్చి ఉంటుంది. పిస్టల్‌ది .32 ఏసీపీ, పొడవు 17 మిల్లీమీటర్లు, అంచు బయటికి దాదాపు కనిపించదు. పిస్టల్ తూటా కొన్ని రివాల్వర్లలో దిగి కూర్చుంటుంది కూడా. కూర్చుంది కదా అని కాల్చకూడదు. రివాల్వర్ తూటాకు అమెరికా ప్రమాణాల్లో గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు. పిస్టల్ తూటాది 20,500. నడిమికి విరిచి తెరిచే పాత రివాల్వర్లు ఆ అదనపు బరువు మోయడానికి చేసినవి కావు. పెట్టె మీద పూర్తి పేరు చదివి, లైసెన్సు పుస్తకంలోని మాటతో సరిచూసుకుని కొనండి.

ఇక ఆ అమెరికా వీడియోల సంగతి. అవి అబద్ధాలని నేను అనను. వాళ్ల పరీక్షల్లో మంచి విషయం ఉంది. కానీ వాళ్లు మాట్లాడేది ఎక్కువగా .38 స్పెషల్ గురించి. అక్కడ పొట్టి రివాల్వర్‌కు పాత చరిత్ర ఉంది. 1927లో కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్, 1950లో స్మిత్ అండ్ వెసన్ చీఫ్స్ స్పెషల్ వచ్చాయి. రెండంగుళాల గొట్టం వీటి లక్షణం. మన దగ్గర .38 మామూలు పౌరులకు నిషిద్ధ బోరు, అంటే ఆ కొలత గొట్టం ఉన్న ఆయుధం పెట్టుకోవడానికి వీల్లేదు, అందుకే మనకు .32. రెండింటి బలం ఒకటి కాదు. .32 లాంగ్‌లో మామూలు గుండు 98 గ్రెయిన్లు, అంటే ఆరు గ్రాముల పైచిలుకు. దాని శక్తి మామూలు .38 స్పెషల్ శక్తిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అక్కడి సలహా ఇక్కడ అతికించుకుంటే కుదరదు.

వాళ్లు చెప్పేదాంట్లో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. గొట్టం పొట్టిదైతే మందు పూర్తిగా కాలి తోసేలోపే గుండు బయటికి వచ్చేస్తుంది, వేగం తగ్గుతుంది. హాలో పాయింట్ గుండు ఒంట్లోకి దిగగానే దాని ముక్కు గుంటలో ఒత్తిడి పెరిగి పువ్వులా విచ్చుకోవాలి. అలా విచ్చుకోవాలంటే వేగం కావాలి. పొట్టి గొట్టంలో ఆ వేగం చాలక చాలాసార్లు విచ్చుకోదు. మందపాటి బట్ట గుంటలో ఇరుక్కున్నా విచ్చుకోదు. ఈ ఇబ్బంది చూసే స్పీర్ అనే కంపెనీ పొట్టి గొట్టం కోసమే ప్రత్యేకంగా 135 గ్రెయిన్ల .38 గుండు తయారుచేసింది. 1986లో మయామీలో తమ ఏజెంట్లు చనిపోయిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ పెట్టుకున్న పరీక్షలో గుండు జెల్లీ దిమ్మలో కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు. మేనల్లుడి ఫోన్లో కనిపించిన దిమ్మలు ఆ లెక్కవే. మెల్లగా పోయే చిన్న గుండు విచ్చుకుంటే లోతు దిగదు, లోతు దిగితే విచ్చుకోదు. అందుకే అక్కడ కూడా అనుభవం ఉన్న చాలామంది పొట్టి రివాల్వర్‌లో వాడ్‌కట్టర్ పెడతారు. అది ముక్కు బల్లపరుపుగా ఉండే సీసం గుండు. కుదుపు తక్కువ, గురి బాగుంటుంది, విచ్చుకోవడం మీద ఆధారపడదు. .32 లాంగ్ వాడ్‌కట్టర్ అయితే అంతర్జాతీయ సెంటర్ ఫైర్ (అడుగున నడిమధ్యలో ప్రైమర్ ఉండే తూటాల) పోటీల్లో వాడే తూటా. మా వాడికి నేను చెప్పింది కూడా ఇదే. .32లో హాలో పాయింట్ కోసం ప్రాకులాడకు, మామూలు సీసం గుండు చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. హాలో పాయింట్ దొరక్క, గుండు ముక్కును ఆకురాయితో అరగదీసి, కత్తితో అడ్డంగా నిలువుగా గాట్లు పెట్టి ఇంట్లోనే తయారుచేసుకునే తెలివితక్కువ పని ఒకటుంది. కలకత్తా పక్కన డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో పుట్టిన విచ్చుకునే గుండ్ల పేరు విని కొందరు ఇది చేస్తారు. అలాంటి గుండ్లను 1899 హేగ్ ప్రకటనలో యుద్ధాల్లో నిషేధించారు. ఇంట్లో గీకిన గుండు గురి తప్పుతుంది, ముక్కలు గొట్టంలో మిగిలిపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, తయారీ లైసెన్సు లేకుండా తూటాను మార్చడం ఆయుధాల చట్టం ఒప్పుకునే పని కాదు. రేపు కోర్టులో నిలబడితే, ప్రాణం కాపాడుకోవడానికే కాల్చానని చెప్పేవాడి మాటను ఆ గాట్లే కొట్టేస్తాయి.

గురి వెనక ఎవరున్నారన్నది కూడా తూటా ఎంపికలో భాగమే. 1998లో న్యూయార్క్ పోలీసులు హాలో పాయింట్‌కు మారుతున్నామని ప్రకటించినప్పుడు చెప్పిన ప్రధాన కారణం ఇదే. రాగి తొడుగు గుండు మనిషిని దాటుకుపోయి వెనకున్న అమాయకులకు తగులుతోందని. పలాస బజారులో, కాశీబుగ్గ బస్టాండు దగ్గర మా బావ తిరిగే చోట ఒక్కో గజానికి ఒక మనిషి ఉంటాడు. పక్కింటి గోడ అంటే చాలాచోట్ల రేకే. గురి తప్పిన గుండు, ఏ రకమైనా, ఎవరో ఒకరి ఇంట్లో ఆగుతుంది. కాబట్టి మంచి తూటా అంటే ముందు గురికి తగిలే తూటా.

గురి అంటే మళ్లీ పొట్టి గొట్టం దగ్గరికే రావాలి. ముందు గురిపిడకకూ వెనక గాడికీ మధ్య దూరం తక్కువ. చెయ్యి గోరంత కదిలినా ఎదుట జానెడు తేడా వస్తుంది. ట్రిగ్గరు బరువుగా ఉంటుంది. రివాల్వర్ తేలికైతే కుదుపు ఎక్కువ. తేలికపాటి రివాల్వర్లలో బలమైన తూటాలు వాడితే ఆ కుదుపుకు, పక్క రంధ్రాల్లోని గుండ్లు తమ మెడల్లోంచి ముందుకు జారి సిలిండరు తిరగకుండా అడ్డుపడటం కూడా జరుగుతుంది. ఆ రోజు రేంజిలో గొట్టం శుభ్రం చేయించి, పరీక్షించాక, కొత్త తూటాలతో బావను 7 మీటర్ల దూరంలో నిలబెట్టాం. ఎదుట మీ పత్రిక సైజంత పెద్ద కాగితం. 6 కాలిస్తే 2 తగిలాయి. 7 మీటర్లంటే మా వసారా నుంచి గేటు వరకూ. పద్నాలుగేళ్ల లైసెన్సు, మొత్తం జీవితంలో అంతకుముందు కాల్చింది 5 తూటాలట. మూడు గంటల తర్వాత 6కి 5 తగిలాయి. తూటా మార్చలేదు, మనిషి మారాడు. బావ మొహంలో అంత సంతోషం నేను మా చెల్లెలి పెళ్లిలో కూడా చూడలేదు.

ఉద్దానం రైతులు కూడా ఇదే ప్రశ్న అడుగుతారు, వేరే కారణంతో. మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడి, కొబ్బరి తోటల్లోకి ఎలుగుబంట్లు వస్తున్నాయి, మనుషులు పోయారు. "రివాల్వర్ ఉంటే ఎలుగ్గొడ్డుని ఆపొచ్చా బాబూ" అంటారు. వాళ్ల భయం నాకు తెలుసు. కానీ మోసపు ధైర్యం చెప్పలేను. .32 గుండుతో ఎలుగుబంటి ఆగదు, గాయపడి మరింత మీద పడుతుంది. పైగా అది వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. తోటకు నలుగురు కలిసి చప్పుడు చేసుకుంటూ వెళ్లడం, చీకటి పడకముందే బయటికి రావడం ఏ తూటా కన్నా ఎక్కువ కాపాడుతుంది.

ఆడపిల్లల తండ్రులు కూడా అడుగుతుంటారు. 2014లో కాన్పూరు కర్మాగారం నిర్భీక్ అనే 500 గ్రాముల తేలికపాటి .32 రివాల్వర్ తెచ్చినప్పటి నుంచి ఇది మొదలైంది. అప్పుడు దాని ధర లక్షా ఇరవై వేల పైమాటే. బ్యాగులో అడుగున పడేసుకుంటే అది ఆ పిల్లను కాపాడదు. నెలనెలా కాల్చి నేర్చుకునే ఓపిక, వీలు ఉంటేనే కొనండి.

చట్టం గురించి నేను చెప్పగలిగింది ఒక్కటే. ప్రాణరక్షణ హక్కు మనకుంది. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. కానీ 37వ సెక్షను ప్రకారం పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు ఉండదు, అవసరానికి మించి హాని చేయకూడదు. డబ్బు సంచి పట్టుకుని పారిపోతున్నవాడి వీపు మీద కాల్చడానికి లైసెన్సు ఇవ్వలేదు. బావకు ఈ మాట రెండుసార్లు చెప్పాను.

ఇప్పుడు అధికారులకు నా మనవి. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. మంచిదే. అయితే ఐదేళ్లపాటు ఆ ఆయుధాన్ని, ఆ తూటాలను తెలిసినవాడు ఒక్కడూ చూడడు. రెన్యువల్‌కు వెళ్తే కాగితాలు చూస్తారు, ఆయుధం నంబరు చూస్తారు. తూటాల రంగు చూసేవాళ్లు లేరు. 2016 ఆయుధాల నియమాల్లో భద్రతా శిక్షణ మాట ఉంది. అది కొత్తగా లైసెన్సు తీసుకునేటప్పుడు ఒక కాగితంగా మిగిలిపోకుండా, ఏడాదికి ఒక్కరోజు జిల్లాలోని పోలీసు ఫైరింగ్ రేంజిని లైసెన్సుదారులకు తెరవండి. పోలీసు ఆర్మరర్ ఒకరు ఆయుధం చూస్తారు, పాత తూటాలు అక్కడే అప్పగిస్తారు, ప్రతివారూ సొంత ఖర్చుతో ఓ పాతిక తూటాలు కాలుస్తారు. సాయం కావాలంటే నాలాంటి రిటైరైన ఆర్మరర్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది ఉన్నారు. రూపాయి తీసుకోకుండా వస్తాం.

రెండోది, ఎన్నికలప్పుడు లైసెన్సుదారులు పోలీసు స్టేషన్లలో అప్పగించే ఆయుధాల సంగతి. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ 4న ఫలితాలొచ్చాయి. అంతకాలం మన సముద్రపు గాలిలో, ఎండాకాలం ఉక్కలో ఆయుధాలు గోనెసంచుల్లో ఉంటే తుప్పు పట్టదా? ఒక్కో ఆయుధానికి ఒక ప్లాస్టిక్ సంచి, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం చాలు. పెద్ద ఖర్చు కాదు. లైసెన్సుదారులు కూడా నూనె రాసి, తూటాలు వేరే పెట్టెలో పెట్టి అప్పగించాలి, రసీదులో లెక్క రాయించుకోవాలి.

మూడోది చిన్నదే గానీ నన్ను బాగా బాధపెట్టింది. బావ దగ్గర మిగిలిన చెడిపోయిన తూటాలను చెరువులో పారేద్దామని ఎవరో సలహా ఇచ్చారు. అలా చేయకూడదు, పిల్లల చేతికి చిక్కుతాయి, పైగా కొన్న ప్రతి తూటాకూ లెక్క చెప్పాలి. ఒక పోలీసు స్టేషనుకు తీసుకెళ్తే అక్కడివాళ్లకు ఏం చేయాలో తెలియలేదు. రేపు రమ్మన్నారు, ఆ రేపు ఇంకో రేపు అయింది. నాలుగోసారి వెళ్తే ఒక పెద్దాయన ఓపిగ్గా కూర్చుని, లెక్కపెట్టి, తీసుకున్నట్టు రాసిచ్చారు. చెడిపోయిన తూటాలు ఎవరికి, ఎలా అప్పగించాలో ఒక్క పేజీ ఆదేశం తెలుగులో ప్రతి స్టేషనుకూ పంపితే ఆ మూడు తిరుగుళ్లు తప్పేవి. ఓపిక లేనివాడు మొదటిరోజే చెరువు గట్టుకు వెళ్లిపోతాడు.

మార్చి వస్తే ఉద్దానంలో జీడి పిక్కలు దిగుతాయి. వ్యాపారులు మళ్లీ డబ్బు సంచులతో, నడుముకు ఆయుధాలతో తోటల వెంట తిరుగుతారు. కలెక్టరు గారూ, ఎస్పీ గారూ ఆలోగా ఒక్క ఆదివారం ఆ రేంజి తెరిపిస్తే చాలు. అందాకా లైసెన్సు ఉన్న ప్రతి ఇంట్లో ఈ రాత్రే ఆ తోలు పౌచి విప్పి, తూటాలు తెల్లగుడ్డ మీద పోసి, దీపం దగ్గర పెట్టి ఒకసారి చూడమని వేడుకుంటున్నాను. తోమవద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్మరర్,
బుడితి, సారవకోట మండలం,
శ్రీకాకుళం జిల్లా.
(బంధువుల సంగతి రాశాను కాబట్టి పేరు వేయవద్దని మనవి.)